గ్రంథాలయానికీ ఉంది వర్గీకరణ ప్రశ్న

తెలుగు నేల మీద ‘వర్గీకరణ’ అన్న మాట వినగానే గ్రంథాలయం ఎవరికీ గుర్తుకు రాదు. 1994లో ఈదుమూడిలో మొదలైన దండోరా, మూడు దశాబ్దాల పోరాటం, 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన తీర్పు, 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో అమలులోకి వచ్చిన చట్టం గుర్తుకు వస్తాయి. అయితే ఈ మాటను వృత్తి పాఠంగా చదువుకున్న వారు మరికొందరు ఉన్నారు. గ్రంథాలయ శాస్త్ర విద్యార్థికి వర్గీకరణ ఒక పేపరు. ఏ పుస్తకం ఏ అంకె కింద, ఏ పేరు కింద, ఏ పుస్తకం పక్కన నిలబడాలో నిర్ణయించే విద్య అది. ఈ రెండు వర్గీకరణలకూ ఏ సంబంధమూ లేదని మన గ్రంథాలయ శిక్షణలు నమ్ముతూ వచ్చాయి. ఆ శిక్షణ ఇప్పుడు తరగతి గదిని విడిచి తెర మీదికి వచ్చింది. వేర్వేరు రాష్ట్రాల సిబ్బంది ఒకే పాఠాన్ని ఒకే రూపంలో వింటున్నారు. ఆ నమ్మకాన్ని ఇప్పుడు ప్రశ్నించకపోతే అది ప్రమాణంగా స్థిరపడిపోతుంది.

శిక్షణకు కొరత ఉందని ఎవరూ అనలేరు. 2017 జూలైలో ‘స్వయం’ వేదిక వచ్చింది. 2018లో అధ్యాపకుల కోసం అదే వేదిక మీద ‘అర్పిత్’ కోర్సులు మొదలయ్యాయి. గ్రంథాలయ, సమాచార శాస్త్రం కూడా వాటిలో ఒక విషయం. నలభై గంటల పాఠం, చివర పర్యవేక్షణలో పరీక్ష, గట్టెక్కితే పదోన్నతి లెక్కలో ఒక పునశ్చరణ తరగతితో సమానం. 2023 సెప్టెంబరులో మాలవీయ మిషన్ పేరుతో అధ్యాపక శిక్షణ వ్యవస్థను పునర్వ్యవస్థీకరించారు. వీటికి తోడు విశ్వవిద్యాలయాలు, వృత్తి సంఘాలు జరిపే వెబినార్లు ఉండనే ఉన్నాయి. కోహా సాఫ్ట్‌వేర్ నిర్వహణ, మెటాడేటా, డిజిటల్ భాండాగారం, గ్రంథచౌర్యాన్ని పట్టే పరికరాలు, ఇటీవల కృత్రిమ మేధ. ఇవన్నీ అవసరమైనవే. కోవిడ్ కాలంలో తలుపులు మూసుకున్న గ్రంథాలయాలను పాఠకుడి ఫోను దాకా తీసుకువెళ్లినది ఇలాంటి నైపుణ్యాలే.

కానీ నేను చూసినంతలో, ఈ కోర్సుల పాఠ్యప్రణాళికలు సిబ్బందికి మీట ఎక్కడుందో చెబుతున్నాయి. మీట నొక్కినప్పుడు పుస్తకానికి ఏ పేరు పడుతుందో, ఆ పేరు ఎవరు పెట్టినదో చెప్పడం లేదు.

పని ఎలా జరుగుతుందో చూద్దాం. కొత్త పుస్తకం రాగానే సిబ్బంది కోహాలో ఒక పత్రం తెరుస్తారు. ‘మార్క్’ అనే అంతర్జాతీయ నమూనాలో ఒక్కో వివరానికి ఒక్కో గడి, ఒక్కో గడికి మూడంకెల సంఖ్య. 245లో గ్రంథనామం, 100లో రచయిత, 650లో విషయ శీర్షిక. ఆంగ్ల గ్రంథమైతే ఇవేవీ రాయనక్కరలేదు. జెడ్ 39.50 అనే మార్గం ద్వారా వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ రికార్డును నకలు చేసుకుంటే రెండు నిమిషాల పని. ‘కాపీ కేటలాగింగ్’ అని దీనికి పేరు. శిక్షణలో ఇది బాగా నేర్పుతారు. శ్రమ తగ్గుతుంది, నిజమే. ఆ నకలుతోపాటు అక్కడి వారు మన సమాజానికి పెట్టిన పేర్లు కూడా మన కేటలాగులోకి వచ్చి కూర్చుంటాయి.

ఆ పట్టికలో ఒకప్పుడు ‘అంటరానివారు’ అన్న శీర్షిక ఉండేది. ఇప్పుడు ‘దళితులు’ అని ఉంది. మార్పు మంచిదే. అయితే పాత రికార్డులను నకలు చేసుకుని తిరిగి సరిదిద్దుకోని గ్రంథాలయంలో పాత శీర్షిక కింద కొన్ని పుస్తకాలు, కొత్త దాని కింద కొన్ని పడి ఉంటాయి. ఒక మాటతో వెతికిన విద్యార్థికి రెండో సగం కనిపించదు. ఈ రెంటినీ కలిపే ప్రామాణిక నామాల దస్త్రం అనే ఏర్పాటు కోహాలోనే ఉంది. దాన్ని ఎవరో కూర్చుని నింపాలి. ‘హరిజన’ అని వెతికిన వారికి కూడా ‘దళిత’ కింద ఉన్నవి చూపించాలా, చూపిస్తే ఏది ప్రధాన శీర్షిక, ఏది వదిలేసిన పేరు అన్నది ఎవరో నిర్ణయించాలి. ఆ నిర్ణయం ఏ మాన్యువల్లోనూ దొరకదు. దానికి చరిత్ర తెలియాలి.

తెలుగు పుస్తకం విషయానికి వస్తే కష్టం మరొక రకం. డ్యూయీ దశాంశ పద్ధతిలో తెలుగు సాహిత్యం 894.827. కవిత్వానికి చివర ఒకటి చేర్చాలి. 1995లో వచ్చిన ‘చిక్కనవుతున్న పాట’, మరుసటి ఏడు వచ్చిన ‘పదునెక్కిన పాట’ తెలుగు కవిత్వ చరిత్రను రెండుగా చీల్చిన సంకలనాలు. అరలో వాటి స్థానం ప్రబంధ కవుల పక్కనే. అభ్యంతరం లేదు, పక్కన కూర్చోవడం మంచిదే. కాని 650వ గడిలో ‘తెలుగు కవిత్వం’ అని మాత్రమే రాసి వదిలేస్తే, దళిత కవిత్వం మీద పరిశోధన చేసే విద్యార్థికి కేటలాగు వాటిని చూపించదు. ఆ గ్రంథనామాల్లో ‘దళిత’ అన్న మాట లేదు కదా. నా దగ్గర పరిశోధన చేసిన ఒక విద్యార్థిని నెల రోజులు ఇలాగే వెతికి, ఫలానా గ్రంథాలయంలో దళిత సాహిత్యం నాలుగైదు పుస్తకాలకు మించి లేదని రాసుకొచ్చింది. అరల మధ్యకు వెళ్లి చూస్తే రెండు వరుసలు ఉన్నాయి. పుస్తకాలను ఎవరూ దాచలేదు, వాటికి పేరు పెట్టలేదు, అంతే.

మరోవైపు దీనికి విపర్యయం కూడా జరుగుతుంది. డ్యూయీ పద్ధతిలో 305.5 సామాజిక తరగతులకు కేటాయించిన సంఖ్య. దళితులకు సంబంధించిన గ్రంథాలు 305.5688 కింద చేరతాయి. దళిత రచయిత తన బాల్యం గురించి రాసుకున్న స్వీయచరిత్ర చాలాసార్లు అక్కడికే పోతుంది. అగ్రకుల నాయకుడి స్వీయచరిత్ర మాత్రం దేశచరిత్ర అరలోకో జీవితచరిత్రల అరలోకో పోతుంది. ఒకరి జీవితం చరిత్ర, మరొకరి జీవితం సామాజిక సమస్యకు ఉదాహరణ. ఈ తేడాను చేసిన గ్రంథపాలకుడికి దురుద్దేశం ఉండనక్కరలేదు. నకలు వచ్చింది, అతికించాడు.

పేరు చిన్న విషయమనుకునే వారు బెజవాడ చరిత్రను చూడాలి. 1914 ఏప్రిల్ 10న అక్కడి రామమోహన గ్రంథాలయంలో ఆంధ్రదేశ గ్రంథాలయాల తొలి మహాసభ జరిగింది. అధ్యక్షులు చిలకమర్తి లక్ష్మీనరసింహం, వెనుక శ్రమ అయ్యంకి వెంకటరమణయ్యది. గ్రంథాలయోద్యమానికి అదే పునాది అని ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉంటుంది. అదే బెజవాడలో మూడేళ్ల తరువాత, 1917 నవంబరులో, ‘పంచమ’ మహాసభ పేరుతో మరొక సభ ఏర్పాటైంది. అధ్యక్షుడిగా హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ ఆ పేరునే తిరస్కరించాడు. తాము అయిదో వర్ణం కాము, ఈ నేల మొదటి మనుషులమని వాదించాడు. సభ పేరు ఆది ఆంధ్ర మహాసభగా మారింది. 1922లో ఎం.సి. రాజా మద్రాసు శాసనమండలిలో తెచ్చిన తీర్మానంతో ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అన్న పేర్లు ప్రభుత్వ రికార్డుల్లోకి ఎక్కాయి. గ్రంథాలయ శాస్త్రం భాషలో చెప్పాలంటే ఒక జాతి తన విషయ శీర్షికను తానే మార్చుకుంది. మొదటి సభ గ్రంథాలయ శాస్త్ర విద్యార్థికి పరీక్షలో వస్తుంది. రెండో సభ రాదు.

‘సాంకేతిక విద్యలోకి కులాన్ని ఎందుకు లాగుతారు, అంకెలకు కులముంటుందా’ అని గ్రంథాలయ శాస్త్ర మిత్రులు అడుగుతుంటారు. అంకెలు పెట్టిన మెల్విల్ డ్యూయీ సంగతి చూడండి. 1876లో తన పద్ధతిని ప్రచురించాడు, 1887లో కొలంబియా కళాశాలలో అమెరికాలోనే తొలి గ్రంథాలయ శిక్షణ పాఠశాల తెరిచాడు. అతడు స్థాపించిన లేక్ ప్లాసిడ్ క్లబ్బులో యూదులకు, నల్లజాతి వారికి ప్రవేశం లేదు. 2019లో అమెరికా గ్రంథాలయ సంఘం తన పతకానికి ఉన్న అతడి పేరును తొలగించింది. అదే కొలంబియాకు 1913లో అంబేడ్కర్ వెళ్లారు. పంపినది బరోడా మహారాజు సాయాజీరావు గైక్వాడ్. ఆయనే 1910లో విలియం బోర్డెన్ అనే అమెరికన్‌ను రప్పించి, మరుసటి ఏడు మన దేశంలో తొలి గ్రంథాలయ శిక్షణ తరగతిని పెట్టించారు. అదే కొలంబియాలో 1932లో గ్రంథాలయ శాస్త్రంలో పట్టా పొందిన డొరొతీ పోర్టర్ అనే నల్లజాతి మహిళ హోవర్డ్ విశ్వవిద్యాలయంలో పనికి కుదిరి, తన ముందున్న పుస్తకాలను పరిశీలించింది. నల్లవారికి సంబంధించినదేదైనా సరే, గ్రంథాలయాలు దానిని డ్యూయీ పద్ధతిలో రెండే సంఖ్యల్లోకి తోస్తున్నాయి: వలసలకు 325, బానిసత్వానికి 326. నల్ల కవి రాసిన కవిత్వం కూడా అక్కడికే. ఆమె ఆ సంఖ్యలను పక్కన పెట్టి కవిని కవిత్వంలో, సంగీతకారుడిని సంగీతంలో, చరిత్రకారుడిని చరిత్రలో నిలబెట్టింది. అనుమతి కోసం ఆగలేదు. వృత్తి శిక్షణ అంటే నా ఉద్దేశం ఇది. సాధనం తెలిసిన మనిషికే దానిలోని తప్పును సరిదిద్దడమూ చేతనవుతుంది.

ఇటీవలి ఉదాహరణ కావాలంటే, 2014లో డార్ట్‌మత్ కళాశాల విద్యార్థులు తమ గ్రంథాలయ కేటలాగులో వలసదారులను ‘చట్టవిరుద్ధ విదేశీయులు’ అనడాన్ని ప్రశ్నించారు. గ్రంథపాలకులు వారితో కలిసి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు రాశారు. రాజకీయ ఒత్తిడితో మధ్యలో ఆగినా 2021లో ఆ శీర్షిక మారింది. విద్యార్థి అడిగితే శీర్షిక మారుతుందన్న సంగతి మన విద్యార్థి సంఘాలకు ఎవరూ చెప్పలేదు.

మన కోర్సులన్నింటికీ కేంద్రమైన కోహా కథ ఇంకా ఆసక్తికరమైనది. న్యూజిలాండ్‌లోని ఒక చిన్న ప్రాంతీయ గ్రంథాలయం కోసం తయారై, 2000లో ఉచితంగా లోకానికి అందిన సాఫ్ట్‌వేర్ అది. ‘కోహా’ అంటే మావోరీ భాషలో కానుక. పేరును, సాఫ్ట్‌వేర్‌ను మనం స్వీకరించాం. అదే దేశంలో మావోరీ గ్రంథపాలకులు జాతీయ గ్రంథాలయంతో కలిసి తమ లోకదృష్టికి తగిన మావోరీ విషయ శీర్షికల పట్టికను సొంతంగా రూపొందించుకున్నారన్న సంగతిని మాత్రం వదిలేశాం. కోహా ఇన్‌స్టలేషన్ మీద గంటల కొద్దీ వీడియోలున్నాయి. తెలుగు సమాజానికి అలాంటి పట్టిక ఎందుకు ఉండకూడదన్న ప్రశ్న మీద ఒక్క గంట కేటాయించిన కోర్సు నా కంటపడలేదు.

డిజిటలీకరణలోనూ ఇదే జరిగింది. తెలుగువాడైన రాజ్ రెడ్డి చొరవతో మొదలైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలాది తెలుగు పుస్తకాలను స్కాన్ చేసింది. గొప్ప పని. కాని గ్రంథనామాలను రోమన్ లిపిలో ఎవరికి తోచినట్టు వారు రాశారు. పుస్తకం ఉంది, పేరు తప్పు, కాబట్టి లేనట్టే. జాషువ పేరును ఆంగ్ల అక్షరాల్లో ఎన్ని విధాలుగా రాయవచ్చో ఊహించుకోండి, ప్రతి విధానికీ ఒక జాషువ తయారవుతాడు. ఇక ఏది ముందు స్కాన్ చేయాలన్నది అసలైన నిర్ణయం. భాగ్యరెడ్డి వర్మ 1931లో నడిపిన ‘భాగ్యనగర్’ పత్రిక, కారంచేడు, చుండూరు తరువాతి సంవత్సరాల కరపత్రాలు, ‘నలుపు’ లాంటి పత్రికల సంచికలు నాసిరకం కాగితం మీద అచ్చయినవి. గట్టి అట్టలున్న గ్రంథాల కంటే ఇవి ముందు పొడి అవుతాయి. ఇవి ఎవరి ఇళ్లలో ఉన్నాయో తెలిసిన మనిషి, ఆ ఇళ్లకు వెళ్లగలిగిన మనిషి సిబ్బందిలో ఉండాలి. ఏ మేరకు పిక్సెళ్లు కావాలో ఆన్‌లైన్ కోర్సు చెప్పగలదు.

ఇక్కడే రెండో ప్రశ్న వస్తుంది. శిక్షణ ఎవరికి? యూజీసీ 2018 నిబంధనల ప్రకారం విశ్వవిద్యాలయ, కళాశాల గ్రంథపాలకులకు అధ్యాపకులతో సమానంగా పదోన్నతి మెట్లున్నాయి. ఆ మెట్లెక్కడానికి ధ్రువపత్రాలు కావాలి. అవి రెగ్యులర్ ఉద్యోగులకు పనికొస్తాయి. మన రెండు రాష్ట్రాలలో రెగ్యులర్ నియామకాలు ఎంత కాలంగా ఎలా జరుగుతున్నాయో ఈ పేజీ పాఠకులకు చెప్పనక్కరలేదు. పుస్తకానికి బార్‌కోడు అతికించేది, పై గడులన్నీ నింపేది, కౌంటరులో విద్యార్థికి జవాబు చెప్పేది చాలాచోట్ల కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సిబ్బంది. రోస్టరు పాటించని దొడ్డిదారి నియామకాలలో కూడా ఈ అడుగు మెట్టు మీద ఎవరుంటారో చూస్తే తెలుస్తుంది: దళిత, బహుజన కుటుంబాల నుంచి గ్రంథాలయ శాస్త్రం చదువుకుని వచ్చిన మొదటి తరం పిల్లలు. వారికి కోర్సు చేయడానికి ఆన్ డ్యూటీ ఉండదు. పగలు పని, రాత్రి ఫోనులో వీడియో. కోర్సు ఉచితమే, పరీక్షకు రుసుం ఉంటుంది. గట్టెక్కి తెచ్చిన ధ్రువపత్రం ఏ పదోన్నతికీ పనికిరాదు, ఎందుకంటే వారికి పదోన్నతే లేదు. 77వ రాజ్యాంగ సవరణ ఎస్సీ, ఎస్టీలకు పదోన్నతులలో రిజర్వేషన్ వీలు కల్పించి మూడు దశాబ్దాలు గడిచాయి. పదోన్నతి అన్నదే లేని ఉద్యోగాన్ని సృష్టించి ప్రభుత్వాలు ఆ సవరణను చడీచప్పుడు లేకుండా తప్పించుకున్నాయి.

ఫలితం విడ్డూరంగా ఉంటుంది. శిక్షణ పొందిన అధికారి గడి నింపడు. గడి నింపే మనిషికి శిక్షణ లెక్కలోకి రాదు. ‘ఆన్‌లైన్ కాబట్టి అందరికీ అందుబాటు’ అన్న వాదన ఈ గోడను చూడదు. గుడి తలుపు తెరిచే ఉంది, మీరే రావడం లేదన్న పాత వాదనకు ఇది బంధువు.

భాష మరో గోడ. మన దేశంలో 1935 నాటికే గ్రంథాలయ శాస్త్రంలో డిప్లొమా మొదలుపెట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గ్రంథపాలకుడు అబ్బూరి రామకృష్ణారావు, తెలుగు కవి. దూరవిద్య ద్వారా ఎందరో పేద విద్యార్థులను ఈ వృత్తిలోకి తెచ్చిన హైదరాబాదు సార్వత్రిక విశ్వవిద్యాలయం పేరు అంబేడ్కర్‌ది. ఇంత వారసత్వం ఉండి కూడా నేటి ఆన్‌లైన్ పాఠాలలో అత్యధికం ఆంగ్లమే. పౌర గ్రంథాలయాల సిబ్బందికి అది అందదు. 1960 చట్టం ప్రకారం ఆస్తి పన్నుతోపాటు ప్రజలు గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నారు. స్థానిక సంస్థలు దాన్ని సంస్థలకు జమచేయకుండా వాడుకోవడం పాత కథ. సెస్సు కట్టేవారిలో వాడవాడలా దళితులున్నారు. 1935లో పాతూరి నాగభూషణం పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పించారు. పుస్తకమే పాఠకుడి దగ్గరకు కదిలింది. నేటి శిక్షణకు ఆ పాటి కదలిక కూడా లేదు, ఆంగ్లం వచ్చి, నెట్ ఉండి, తీరిక ఉన్నవాడే దాని దగ్గరకు వెళ్లాలి.

2025 జనవరి నుంచి అమలవుతున్న ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకానికి కేంద్రం మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. దాదాపు 13,000 పత్రికలు, సుమారు 6,300 ప్రభుత్వ సంస్థలకు. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాల విద్యార్థికి ఇది నిజంగా పెద్ద సంపద, తలుపు తెరిచి చూపించే గ్రంథపాలకుడు ఉంటే. లేకపోతే ఆ డబ్బు ముప్పై ప్రచురణ సంస్థల ఖాతాలోకి చేరి అక్కడే ఆగుతుంది. ప్రైవేటు కళాశాలల్లో ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివే ఎస్సీ, బీసీ పిల్లలు ఈ పథకం పరిధిలోనే లేరు, అది వేరే చర్చ.

కృత్రిమ మేధ వచ్చింది, ఇక శీర్షికలు అదే పెడుతుంది అంటున్నారు. అది నేర్చుకునేది పాత కేటలాగుల నుంచే. ఇంతకు మించి దాని గురించి ఇక్కడ చెప్పనక్కరలేదు.

కాబట్టి అడగవలసినవి స్పష్టంగానే ఉన్నాయి. గ్రంథాలయ సిబ్బందికి నడిపే ప్రతి ఆన్‌లైన్ కోర్సులో విషయ శీర్షికల చరిత్ర, రాజకీయం పాఠంగా ఉండాలి. బెజవాడ 1917, హోవర్డ్ అనుభవం, మావోరీ పట్టిక అందులో చేరాలి. ఆ పాఠం తెలుగులో ఉండాలి. కాంట్రాక్టు సిబ్బంది కోర్సు చేసే గంటలను పని గంటలుగా లెక్కించాలి, ధ్రువపత్రానికి వేతనంలోనూ, రెగ్యులర్ నియామకంలోనూ విలువ ఇవ్వాలి. విశ్వవిద్యాలయాల దళిత అధ్యయన కేంద్రాలు, గ్రంథాలయ శాస్త్ర విభాగాలు, ఈ సిబ్బంది ఒక బల్ల చుట్టూ కూర్చుని తెలుగు విషయ శీర్షికల పట్టిక తయారు చేయాలి. తెలంగాణ చట్టం 59 షెడ్యూల్డు కులాలను పేరుపేరునా గుర్తించి మూడు గ్రూపులుగా విభజించింది. రెల్లి, బుడగ జంగం, చిందు, డక్కలి, మాస్టీన్ అన్న పేర్లతో మన కేటలాగులో వెతికితే ఏమి వస్తుందో విద్యార్థులు ఈ వారమే పరీక్షించవచ్చు.

దీనికి ఢిల్లీ ఉత్తర్వు గాని, వాషింగ్టన్ అంగీకారం గాని అక్కరలేదు. మార్క్ నమూనాలో 650 పక్కనే 653 అనే గడి ఉంది. ప్రామాణిక పట్టికలో లేని మాటలను, స్థానికంగా పాఠకులు వాడే మాటలను రాసుకోవడానికి ఉద్దేశించినది. కోహా దాన్ని అనుమతిస్తుంది, తెలుగు లిపిలో రాసినా వెతికి చూపిస్తుంది. నేను తెరిచి చూసిన తెలుగు పుస్తకాల రికార్డులలో ఆ గడి ఖాళీగా ఉంది.